పద్నాలుగో నంబరు సీరం

సముద్రతీర కేంద్రం,
జనవరి 9

వదినకు,

నమస్కారాలు అని రాసి కొట్టేశాను. మన మధ్య ఎప్పుడూ లేని మర్యాద ఇప్పుడు మొదలుపెడితే నువ్వే నవ్వుతావు.

అన్నయ్య పోయి ఎనిమిది నెలలైంది. ఆ వారం నన్ను బస్సెక్కించి, కిటికీ దగ్గర నిలబడి, "రాస్తూ ఉండు" అన్నావు. నేను తలూపాను. ఆ తరవాత నువ్వూ రాయలేదు, నేనూ రాయలేదు. నీ కారణం నాకు తెలీదు. నేను మాత్రం కాగితం ముందు కూర్చున్నప్పుడల్లా ఒకే సందేహం దగ్గర ఆగిపోయేదాన్ని. మధ్యలో మనిషి లేకుండా పోయాక నేను నీకేమవుతాను? అది తేలక పెన్ను మూత పెట్టేసేదాన్ని.

ఇప్పుడు కూడా పని పడితేనే రాస్తున్నాను. ముందే చెప్పడం మంచిది, చివరికొచ్చాక తెలిస్తే నీకు కోపమొస్తుంది.

ఈ రెండు నెలల్లో మా ఒడ్డుకు డాల్ఫిన్లు వచ్చి పడటం ఇది ఐదోసారి. అన్నీ బతికే వచ్చాయి. ఒంటిమీద గాయం లేదు, వల గీరిన గుర్తు లేదు. కానీ తిన్నగా ఈదలేవు. పక్కకు ఒరిగిపోయి, ఒకే వైపు గుండ్రంగా తిరుగుతాయి. మొన్నటిదాన్ని జనం నాలుగుసార్లు నీళ్లలోకి తోశారు. నేనూ ఓ చెయ్యి వేశాను. తోసిన ప్రతిసారీ పది నిమిషాల్లో తిరిగొచ్చింది. నాలుగోసారికి జనానికి విసుగొచ్చి ఇళ్లకు పోయారు. నేను తడి దుప్పటి కప్పి పక్కన కూర్చున్నాను. సాయంత్రం నాలుగింటికి పోయింది. చివరిదాకా నన్నే చూస్తూ ఉంది అని రాద్దామనుకున్నాను గానీ అది అబద్ధం. ఆ కన్ను అప్పటికే దేన్నీ చూడటం లేదు.

పోస్టుమార్టం నేనే చేశాను. నీకు తెలుసుగా, ఇక్కడ నేనూ, సిమెంటు గట్టూ, ఒక రంపమూ, నీళ్ల గొట్టమూ. సహాయకుడి పోస్టు రెండేళ్లుగా ఖాళీ. మెదడు పైపొరలు ఎర్రబడి వాచిపోయాయి. దాని చుట్టూ తేటగా ఉండాల్సిన నీరు బియ్యం కడిగిన నీళ్లలా ఉంది. ఏదో క్రిమి చేరిందని నా అనుమానం. పశువుల ల్యాబుకు పంపితే మూడు నెలలకు గానీ జవాబు రాదు. ఇరవై ఏళ్లుగా ఆసుపత్రి ల్యాబులో నువ్వు చేసేది అదే కదా, క్రిములను పెంచి వాటి పేరేమిటో కనుక్కోవడం. మెదడంతా కుళ్లకుండా జాగ్రత్తగా ఫార్మలిన్‌లో వేసి మూత బిగించాను. సీసా పంపితే చూసి పెడతావా? ఇది జబ్బని రుజువైతే, చచ్చేవాటిని మళ్లీ మళ్లీ నీళ్లలోకి తోసి హింసపెట్టడమైనా మాన్పిస్తాను.

నీ ఆడపడుచు
(ఇంకా అవునో కాదో నువ్వే చెప్పాలి)

*

ఆసుపత్రి వెనక వీధి,
జనవరి 17

చేపల డాక్టరమ్మకు,

ఎనిమిది నెలలకు ఒక ఉత్తరం ముక్క. అదీ మెదడు కోసం. సంతోషం.

ముందు పని సంగతి. ఫార్మలిన్‌లో ముంచిన మెదడులో క్రిమిని పెంచమంటున్నావు. ఆ మందులో పడ్డాక క్రిమి నిమిషాల మీద చస్తుంది. దొంగను పట్టుకోమని పిలిచి, వాడి శవాన్ని చేతికిచ్చినట్టుంది నీ పని. ఇంత చదువు చదివి ఇదేం తెలివి? మీ అన్నగారు ఉంటే ఈ ముక్క మీద వారం రోజులు నవ్వేవారు.

ఇకమీదట ఇలా చెయ్యి. ఫార్మలిన్ సీసా మూత తీయకముందే గోరంత మెదడు ముక్క, కొంచెం ఆ మబ్బు నీరు, శుభ్రమైన సీసాల్లోకి తీసిపెట్టు. ప్రాణంతో దొరికితే రక్తం కూడా తియ్యి. గడ్డ కట్టాక పైన తేరే సీరం నాకు కావాలి. ఐసు పెట్టెలో సర్ది శనివారం బస్సు డ్రైవరుకివ్వు. నేను స్టాండులో అందుకుంటాను. పెట్టె మళ్లీ మంగళవారం బస్సుకు పంపిస్తాను. ఉత్తరం పెట్టె మూత లోపల అంటించు, తడవదు. మా పెద్ద డాక్టరును అడిగాను, సరేనన్నారు.

రంపంతో పుర్రె కోస్తే తుంపర లేస్తుంది. మొహానికి ముసుగూ, కళ్లకు అద్దాలూ లేకుండా ఆ గట్టు దగ్గరికి వెళ్లకు.

నా గురించి చెప్పడానికేముంది. ఆదివారం డ్యూటీలు అడిగి మరీ వేయించుకుంటున్నాను. పిల్లాజెల్లా లేని ఇంట్లో ఆదివారం గడవదు. వంటింట్లో రేడియో పెట్టి వదిలేస్తాను, అదేం చెప్తుందో వినను. పక్కింటావిడ గోడ మీంచి, "ఇంటికి ఎవరైనా వచ్చారా, మాటలు వినిపిస్తున్నాయి" అంది. అవునన్నాను.

వదిన

*

సముద్రతీర కేంద్రం,
ఫిబ్రవరి 6

వదినా,

డాల్ఫిన్ చేప కాదు. పిల్లలకు పాలిస్తుంది, ఊపిరి తిత్తులతో పీలుస్తుంది. అన్నయ్యకు పాతికేళ్లు చెప్పాను, ఇక నీకు మొదలుపెట్టాలి.

పెట్టెలో ఎనిమిది, తొమ్మిది నంబర్లున్నాయి, ఒడ్డుకొచ్చిన వరసలో వేసినవి. నువ్వు చెప్పినట్టే ముందు తాజా ముక్కలు తీసిపెట్టాను. తొమ్మిదోది ప్రాణంతో దొరికింది, కాబట్టి దాని సీరం తేటగా ఉంది. ఎనిమిదోది చచ్చి రెండు మూడు రోజులయ్యాక దొరికింది. గుండెలోంచి తీసిన రక్తం నల్లగా, సీరమంతా ఎర్రగా వచ్చింది. పనికొస్తుందో లేదో చూడు.

తొమ్మిదోదాన్ని నేను నీళ్లలోకి తోయనివ్వలేదు. అడ్డంగా నిలబడి, సూది మందిచ్చి ప్రాణం తీశాను. జనం ఊరుకోలేదు. ఒకావిడ మొహం మీదికి వచ్చి, "నువ్వసలు డాక్టరువేనా, తోస్తే బతికేది కదా" అంది. నా దగ్గర చెప్పడానికి రుజువు లేదు. సూది డబ్బాలో పడేసుకున్నాను. ఆ రోజంతా నాతో మాట్లాడింది పడవలాయన ఒక్కడే. నీకు ఇదివరకు చెప్పానుగా, పడవ అద్దెకిచ్చే ముసలాయన, ఎక్కడ ఏది కొట్టుకొచ్చినా కబురు చెప్తాడు. ఆయన కూడా "గాలి మారింది" అని మాత్రం అన్నాడు. నాకది చాలనిపించింది.

ముసుగు పెట్టుకుంటున్నాను. అద్దాలు ఆవిరి పట్టి ఏమీ కనబడదు, అయినా పెట్టుకుంటున్నాను.

రేడియో ఏ స్టేషను పెడతావు? నేనూ అదే పెట్టుకుంటాను.

నీ ఆడపడుచు

*

ఆసుపత్రి వెనక వీధి,
ఫిబ్రవరి 20

డాక్టరమ్మకు,

పట్టుకున్నాను.

నాలుగు రోజులు క్రిమిని పెంచే ప్లేటు మీద ఏమీ లేదు. పారేద్దామనుకున్నాను. ఐదో రోజు పొద్దున ఇంక్యుబేటరు తలుపు తీస్తే సూదిమొనలంతేసి చుక్కలు. రెండు నంబర్ల మెదడులోనూ అదే. అద్దం పలక మీద సీరం చుక్క వేసి, గులాబీ రంగు మందు కలిపి తిప్పితే, తొమ్మిదో నంబరుది రవ్వలా విరిగింది. విరిగితే ఒంట్లో ఆ జబ్బున్నట్టు. పెద్ద డాక్టరు కూడా చూసి ఖాయం చేశారు. బ్రూసెల్లా. ఆవులకు కడుపులు పోయే జబ్బుంటుంది చూడు, దాని దాయాది. సముద్రంలో డాల్ఫిన్ల మెదడుకు ఎక్కి కూర్చుంది. పాపం అవి ఒరిగిపోయి తిరిగేది అందుకే. ఆ మొహం మీదికొచ్చినావిడకు ఈ కాగితం చూపించు.

ఆ పొద్దున ఎంత సంబరపడ్డానో చెప్తే నవ్వుతావు. ఇంటికెళ్లి చెప్పడానికి ఎవరూ లేరు. ఇల్లు తాళం తీసి, చెప్పులు విప్పకుండానే, "దొరికిందండీ" అన్నాను. అలవాటు. తరవాత చాలాసేపు చెప్పులతోనే కూర్చున్నాను.

రెండింటితో గట్టిగా చెప్పలేం. ఇంకో నాలుగైనా కావాలి. ఏది దొరికినా కోసి పంపు, పెట్టె ఆపకు.

ఇది మనుషులకూ అంటుతుంది. అరుదే గానీ అంటుతుంది. జ్వరం వచ్చి పోయి మళ్లీ వచ్చినా, చెమటలు పట్టినా, నడుం పట్టేసినా, ఆ రోజే నాకు రాయి. దాచావంటే ఊరుకోను.

స్టేషను పేరు తెలీదు. ముల్లు ఎక్కడుంటే అక్కడే వదిలేశాను, మీ అన్నగారు తిప్పి పెట్టినచోట.

వదిన

*

సముద్రతీర కేంద్రం,
ఏప్రిల్ 18

వదినా,

పోయిన రెండు పెట్టెల్లోనూ ఉత్తరం పెట్టలేదని కోప్పడ్డావు. పని ఎక్కువైంది. రాత మారిందంటావేమో, ఈ పెన్ను మంచిది కాదు.

నీ కాగితం వల్ల ఒడ్డున బోర్డు పెట్టించగలిగాను. "ఒడ్డుకు వచ్చిన డాల్ఫిన్‌ను నీళ్లలోకి తోయవద్దు, తాకవద్దు, కేంద్రానికి కబురు చేయండి." ఇప్పుడు జనం దూరంగా నిలబడుతున్నారు. నా దగ్గరికి కూడా రావడం లేదనుకో. దానికేం.

ఈసారి పెట్టెలో పదమూడూ పద్నాలుగూ. పదమూడుకు అన్నీ ఉన్నాయి. పద్నాలుగోది పడవలాయన చూపించాడు, చచ్చి మూడు రోజులై ఉంటుంది. మెదడు పనికిరాలేదు, గుండె రక్తంలోంచి తీసిన సీరం మాత్రం పెట్టాను. దాని సంగతి కాస్త ముందు చూడు. ఒక మాట అడుగుతాను, ఊరికే, తెలుసుకుందామని. అది బతికుండగా దొరికి ఉంటే, మెదడు దాకా వెళ్లకముందే అయితే, మందుకు లొంగేదేనా? ఎన్నాళ్లు వాడాలి?

ఒంట్లో బాగానే ఉంది.

నీ ఆడపడుచు

*

ఆసుపత్రి వెనక వీధి,
ఏప్రిల్ 24

నీకు,

మంగళవారం దాకా ఆగలేదు. ఇది ఈ రోజు బస్సు డ్రైవరు చేతికే ఇస్తున్నాను.

పద్నాలుగో నంబరు సీరం పలక మీద వేసిన అర నిమిషంలో విరిగింది. పల్చన చేసి చూశాను. ఇంకా పల్చన చేశాను. చివరి గొట్టం దాకా విరుగుతూనే ఉంది. నేను చూసినవాటిలో ఇంత గట్టిగా ఏదీ విరగలేదు.

ఇప్పుడు నేను అడుగుతాను. చచ్చి మూడు రోజులైన జీవి గుండెలో రక్తం ఎలా ఉంటుందో ఫిబ్రవరిలో నువ్వే పంపి చూపించావు. ఎనిమిదో నంబరు సీరం ఎర్రగా ఉంది, చెడిపోయి ఉంది. ఈ పద్నాలుగోది లేత గడ్డి రంగులో, అవతలి వేలు కనబడేంత తేటగా ఉంది. ఇది చచ్చినదాని రక్తం కాదు. కట్టు బిగించి, నరం వెతికి, సూదితో తీసిన రక్తం. ఇరవై ఏళ్లుగా రోజుకు నలభై మంది రక్తం చూస్తున్నాను. నన్ను ఎవరనుకున్నావు?

ఎవరిది అది?

నాకు తెలుసు. నీ చేత్తో రాయి.

*

సముద్రతీర కేంద్రం,
ఏప్రిల్ 27

వదినా,

నాదే.

అయిదు వారాలైంది. జ్వరం నాలుగు రోజులుంటుంది, రెండు రోజులు పోతుంది, మళ్లీ వస్తుంది. చెమటకు పక్క తడిసిపోతుంది. నడుం పట్టేసి పుర్రె రంపం ఎత్తలేకపోతున్నాను. ఇవన్నీ ఓర్చుకున్నాను. పోయిన వారం ఇసుకలో నడుస్తుంటే ఎడమ పక్కకు ఒరిగిపోయాను. లేచి నాలుగడుగులు వేస్తే మళ్లీ అటే. పడవలాయన చూసి చెయ్యిపట్టి తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. ఇద్దరికీ అర్థమైంది, మేం ఆ ఒరగడం చాలాసార్లు చూసినవాళ్లం. అప్పుడు భయమేసింది. ఇప్పుడూ వేస్తోంది.

ముసుగు మాట నిలబెట్టుకోలేదు. అద్దాలకు ఆవిరి పడితే కోత వంకరపోతుంది. మార్చిలో మూడుసార్లు రెండూ తీసేసి కోశాను.

ఇక్కడికి దగ్గరి పట్నంలో ఆసుపత్రికి వెళ్లకపోలేదు. చీటీలిచ్చే కౌంటరులో కాగితం ఇచ్చారు. పేరు, వయసు, చేసే పని రాశాను. దగ్గరి బంధువు అన్నచోట ఆగిపోయాను. ఇదివరకు అక్కడ అన్నయ్యను రాసేదాన్ని. నా మొదటి ఉత్తరంలో నేను నీకేమవుతానని అడిగాను, గుర్తుందా? ఇన్ని ఉత్తరాలు రాశావు, అన్నిట్లోనూ తిట్లున్నాయి, ఆ జవాబు మాత్రం లేదు. నిన్ను రాస్తే, అక్కణ్నుంచి నీకు ఫోను చేస్తే, నువ్వు మొహమాటానికి "సరే" అంటావేమో అనిపించింది. ఆ "సరే" వినలేననుకున్నాను. నా వెనక మనుషులు కదులుతున్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కేశాను.

ఇంటికొచ్చి పళ్లతో కట్టు బిగించి రక్తం నేనే తీసుకున్నాను. నంబరు వేస్తే ఎవరినీ ఇబ్బంది పెట్టక్కర్లేదు. నువ్వు చూస్తావు, ఫలితం రాస్తావు, నేను మందు తెచ్చుకుంటాను అనుకున్నాను. నీకు చెప్పకుండా నీ చేతికి ఆ గొట్టం ఇవ్వడం తప్పే. డాల్ఫిన్లది చూసినంత జాగ్రత్తగా, తుంపర బయటికి రాని అద్దాల పెట్టెలోనే చూస్తావని ధైర్యం చేశాను.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను, ఎలాగూ అన్నీ బయటపడ్డాయి. ఎనిమిది, తొమ్మిదితోనే రుజువైపోయిందని నాకు తెలుసు. పశువైద్యం చదివినదాన్ని. ఇంకో నాలుగు కావాలని నువ్వు రాస్తే ఎందుకని అడగలేదు. పెట్టె వెళ్తేనే కదా వదినా, పెట్టె వచ్చేది.

*

ఆసుపత్రి వెనక వీధి,
ఏప్రిల్ 29

పిచ్చి మొహమా,

నీ ఉత్తరం బస్‌స్టాండు బల్ల మీదే చదివాను. పక్కనున్నాయన మంచినీళ్ల సీసా ఇచ్చాడు.

ఎనిమిది, తొమ్మిది నంబర్లు చాలని మా పెద్ద డాక్టరు ఫిబ్రవరిలోనే అన్నారు. ఇంకో నాలుగు కావాలన్నది ఆయన కాదు, నేను. శనివారం స్టాండుకు వెళ్లడం, పెట్టె మూత తీసి ముందు నీ ఉత్తరం పీకడం, చదువుకుని ఆ తరవాత సీసాల సంగతి చూడటం, నాకున్న పనల్లా అదే. సీసాలు ఆగిపోతే ఉత్తరాలూ ఆగిపోతాయని భయపడ్డాను. ఉత్తరం ఊరికే రాయమని అడగొచ్చని నా బుర్రకు తట్టలేదు. నా ఆదివారాలు గడవడానికి నీ చేత పుర్రెలు కోయించాను. దీన్ని నువ్వు క్షమించాల్సిన పనిలేదు. నాకు తెలిసుంటే చాలు.

నేను నీకేమవుతానని అడిగావే, ఆ మాట చదివిన రోజు ఒళ్లు మండింది. నాకు రాని సందేహం నీకెలా వచ్చిందని. పదకొండేళ్లు నా చేతి అన్నం తిన్నావు. పరీక్షల్లో జ్వరమొస్తే నీ తల నా ఒళ్లో ఉండేది, మీ అన్నగారి ఒళ్లో కాదు. కోపంతో జవాబు రాయలేదు. తరవాత రాద్దామంటే ఆలస్యమైందని సిగ్గేసింది. ఆ సిగ్గు ఇంత దూరం తెచ్చింది.

ఇప్పుడు విను. ల్యాబు రిజిస్టరులో పద్నాలుగో నంబరు కొట్టేసి నీ పేరు రాశాను, వయసు రాశాను. పెద్ద డాక్టరుకు అంతా చెప్పాను. నన్ను తిట్టారు, తిట్టనిచ్చాను. ఒరిగిపోతున్నావంటే ఒక్క రోజు కూడా ఆగకూడదన్నారు. ముందు వెన్నులోంచి నీరు తీసి చూడాలి, ఆ తరవాత రెండు మూడు రకాల మందులు నెలల తరబడి వాడాలి. మెదడు దాకా పోయిందో లేదో ఇక్కణ్నుంచి నేను చెప్పలేను. పోయినా మందుందన్నారు. నాకు ఖాయంగా తెలిసింది అంతే, ఎక్కువ చేసి చెప్పను.

మా ఆసుపత్రిలో నీకు మంచం రాయించాను. కాగితంలో ఆ ఖాళీ నేనే నింపాను. సంబంధం అన్నచోట "వదిన" అని రాస్తే గుమాస్తా తలెత్తి, "మరి వాళ్లన్నగారు లేరా?" అన్నాడు. లేరన్నాను. "అయితే సొంతవాళ్లెవరైనా..." అని నసిగాడు. పెన్ను తీసుకుని నా పేరు కింద గీత గీసి కాగితం వెనక్కిచ్చాను.

పెట్టె ఇక్కడే ఉంది, ఈసారి పంపను. గురువారం పొద్దున బస్సుకు నేనే వస్తున్నాను. స్టాండుకు రావద్దు, ఆ ఇసుకలో నడవద్దు. కేంద్రం ఎక్కడో పడవలాయన్ని అడిగి కనుక్కుంటాను. మంచం మీంచి లేవలేకపోతే లేవకు. తలుపు గడియ మాత్రం తీసి ఉంచు.

నీ వదిన